ఉప్పింటి అడ్డకర్ర

మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై. నాలుగింటికి జడ్జి సంతకం పెడితే వీబ్కె జైలుకు పోతుంది. అంటే నా చేతిలో ఉన్నది రెండు గంటల నలభై నిమిషాలు. అందులో ఆరు నిమిషాలు మా పోలీస్ స్టేషన్‌లోని కాఫీ యంత్రం మింగేసింది, కాఫీ కూడా ఇవ్వకుండా.

ఆ రోజు పొద్దున్న ఏడూ అయిదుకు మా వేర్లింగెన్ ఊరి పాతకట్టడాల అధికారి డాక్టర్ ఈజెన్‌బార్ట్ ఉప్పింటి నాలుగో అంతస్తు సరుకు తలుపులోంచి రాళ్ల వీధిలో పడి చనిపోయాడు. ఒకప్పుడు ఉప్పు మూటలను తాడుతో పైకి లాగిన తలుపు అది. బయటికి తెరుచుకుంటుంది. దానికి అడ్డంగా నడుము ఎత్తున ఒక ఓక్ కర్ర ఉంటుంది. ప్రతి శుక్రవారం ఏడింటికి ఆయన ఆ కర్ర మీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగి, పైనున్న కప్పీని చూసి, తర్వాత వీధిలో ఉన్న ఇళ్ల కప్పులన్నీ చూస్తాడు. పదహారేళ్ల అలవాటు. ఈ శుక్రవారం కర్ర విరిగింది. విరిగినచోట అడుగువైపు నుంచి మూడింట రెండొంతులు రంపంతో కోసి, ఆ సందులో మైనమూ మసీ కూరి ఉన్నాయి.

రాజధాని నుంచి సీనియర్ ఇన్‌స్పెక్టర్ డెట్లెఫ్ రోయెసింగ్ తొమ్మిదిన్నరకు దిగాడు. పదకొండుకల్లా కేసు తేల్చేశాడు. ఆ ఇంటికి మరమ్మతులు చేస్తున్నది వీబ్కె. ఆ ఇంట్లోనే మూడో అంతస్తులో పడుకుంటుంది. రంపం ఆమెది, మైనం డబ్బా ఆమె మూటలో దొరికింది, కర్ర మీద ఆమె వేలిముద్రలున్నాయి. నిన్న సాయంత్రం నాలుగింటికి ఈజెన్‌బార్ట్ "సోమవారం అందరికీ చెప్పేస్తాను" అని అరవడం ఎదురింటి రొట్టెల షాపామె విన్నది. అంతే, మనిషి దొరికింది, ఇంక కాఫీ తాగొచ్చు.

వీబ్కె నా ఎదురుగా నల్ల మందపు ప్యాంటులో, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇరవై ఆరేళ్లు ఉంటాయి. తిరుగుడు వడ్రంగి. పని నేర్చుకున్నాక మూడేళ్ల మీద ఒక్క రోజు ఊళ్లు తిరగాలి, ఆ లోపల సొంతూరికి యాభై కిలోమీటర్ల దగ్గరకు కూడా రాకూడదు. ఫోన్ ఉండకూడదు.

"ఇంకెన్ని రోజులుంది నీకు?" అని అడిగాను.

"పదకొండు."

"ఆ తర్వాత?"

"మా ఊరి పేరున్న బోర్డు ఎక్కి అవతలికి దూకాలి. అప్పుడే ఇంట్లో అడుగు పెట్టనిస్తారు. మా అమ్మ కింద నిలబడి పట్టుకుంటానంటోంది. అమ్మకి నడుం నొప్పి, మళ్లీ నేనే అమ్మని ఎత్తుకెళ్లాలి." నవ్వబోయి ఆగిపోయింది. "నన్ను ఇవాళ లోపలేస్తారా మేడమ్?"

"నోరు విప్పకపోతే వేస్తారు. నిన్న నాలుగింటికి ఆయన ఎవరి మీద అరిచాడు?"

"చెప్పను."

"నీ మీదేనా?"

"చెప్పనన్నాగా."

"నీ గొంతు ఆ రొట్టెలామె వినలేదు. ఇంకో గొంతు ఉందంది, ఎవరిదో తెలీదంది."

ఆమె టోపీ అంచును వేళ్లతో నలిపింది. "ఎవరి కప్పు కింద పడుకున్నామో, ఎవరి రొట్టె తిన్నామో, వాళ్ల గొడవ బయటికి మొయ్యకూడదు. మా వాళ్ల పద్ధతి అది. నేను తప్పితే నా వెనకాల వచ్చేవాళ్లకి ఎవ్వరూ తలుపు తియ్యరు."

ఆమె రొట్టె తింటున్నది ఆమెకు పనిచ్చిన మేస్త్రి అన్స్‌గార్ టెష్కె ఇంట్లో. ఆ మాట నా చెవిన పడింది కానీ లోపలికి పోనివ్వలేదు. అన్స్‌గార్ మా నాన్నకు పనిలో జోడీ. నాకు పేరు పెట్టినవాడు. నాన్న పోయాక నాకు సైకిల్ నేర్పినవాడు.

"సరే, కర్ర సంగతి చెప్పు."

ఇక్కడ ఆమె గొంతు మారింది. పని గురించి అడిగితే వడ్రంగులకు భయం పోతుంది. "నిన్న అయిదింటికి పలకలు పైకి లాగాలని కర్ర తీశా. అయిదూ ఇరవైకి మళ్లీ గాడిలో పెట్టా. దాని మీద గుర్రాన్ని నిలబెట్టినా ఊగదు. మధ్యలో తాడు ఒరుసుకుని మూడు గీతలున్నాయి, జానెడు జానెడు దూరంలో. నా బొటనవేలు పట్టేంత లోతు. తీసినప్పుడల్లా అందులో వేలు పెట్టి చూస్తా. ఎంతమంది లాగుంటారో అని."

"నిన్న కూడా పెట్టావా?"

"పెట్టా. మూడింట్లోనూ."

తలుపు తెరుచుకుంది. రోయెసింగ్. అతని బూట్లు చూస్తే మా వీధుల్లో రాళ్ల మీద నడిచినట్టే ఉండవు.

"ఫెర్ష్ గారూ, ఒక్క నిమిషం."

వరండాలోకి వెళ్లాను.

"మీరు ఈ పిల్లని విచారిస్తున్నారా, పెళ్లి సంబంధం మాట్లాడుతున్నారా?"

"మీరు పొద్దున్న అడగని ప్రశ్న ఒకటి అడుగుతున్నాను."

"నాలుగింటికి జడ్జి. మూడూ యాభైకి నేను కోర్టు మెట్ల మీద ఉంటాను. ఈలోపు మీరు ఏ కొత్త సాక్ష్యమైనా చేత్తో పట్టుకొస్తే చూస్తాను. కబుర్లు కాదు, సాక్ష్యం."

"ఆ విరిగిన కర్ర చూడాలి నేను."

"చూడండి. కావాలంటే దానికో లాయర్ని కూడా పెట్టండి."

కర్ర కొలవడానికేగా అని తుపాకీ బీరువాలోనే వదిలేసి బయల్దేరాను. దానికి తర్వాత నన్ను నేను చాలా తిట్టుకున్నాను.

రెండూ అయిదుకు ఉప్పింటి కింద ఉన్నాను. అన్స్‌గార్ తాళం తీశాడు. డెబ్బై ఒక్కేళ్లు వచ్చినా ఆ నిటారు మెట్లు నాకంటే ముందే ఎక్కేస్తాడు.

"తిన్నావా అమ్మాయ్?"

"లేదు బాబాయ్."

"మీ నాన్నా ఇంతే. పనిలో పడితే పొట్ట గుర్తుండేది కాదు." జేబులోంచి ఆపిల్ తీసి ఇచ్చాడు. దాన్ని కోటు జేబులో వేసుకున్నాను. ఏమీ తినాలనిపించలేదు.

ఈ మనిషి సంగతి ఒకటి చెప్పాలి. నాకు ఏడేళ్లప్పుడు ఇదే ఇంట్లో ఒక దూలం మీద చాకుతో నా పేరు చెక్కబోయాను. మొదటి అక్షరం దగ్గరే పట్టుకున్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. ఆ దూలం ముందు నిలబెట్టి దానికి క్షమాపణ చెప్పించాడు. నేల మీద పాతింటి చెక్కపేడు కనిపిస్తే వంగి తీసి జేబులో వేసుకుంటాడు. ఈ ఊళ్లో మేకు కొట్టాలన్నా దరఖాస్తు పెట్టుకోవాలి, మా అమ్మ వంటింటి కిటికీ మార్చుకోవడానికి మూడేళ్లు పట్టింది. అందరం ఆ పాతకట్టడాల ఆఫీసును తిట్టుకునేవాళ్లం. అన్స్‌గార్ ఒక్కడే ఆ ఆఫీసు చాలా మెతక అనేవాడు.

విరిగిన కర్రలో ఒక సగం వీధిలో పడింది. రెండో సగం గాడిలోంచి ఊడి నేల మీద పడి ఉంది. దాని పక్కన మావాళ్లు పెట్టిన నంబరు చీటీ. ఫొటోలూ వేలిముద్రలూ అయిపోయాయి. మోకాళ్ల మీద కూర్చుని దాని ఒళ్లంతా తడిమాను. కర్ర పాతదే. నల్లబడి, పురుగు తిన్న చిల్లులతో, అయిదొందల ఏళ్లదంటే నమ్మేట్టు ఉంది. కానీ తాడు గీతల్లేవు. ఒక్కటి కూడా లేదు. ఫోన్‌లో వీధిలో పడిన సగం ఫొటోలు పెద్దవి చేసి చూశాను. అందులోనూ లేవు.

లేచి, ఆ సగం కొస తీసుకెళ్లి గోడ గాడిలో పెట్టాను. గాడి వందల ఏళ్ల ఒరిపిడికి గుండ్రంగా నున్నబడి ఉంది. కర్ర కొస పలకలుగా ఉంది. వేలు దూరేంత సందు. లొటలొటలాడింది. తీసి మళ్లీ నేల మీద పెట్టాను.

"బాబాయ్, ఇది ఈ గాడిలో పుట్టి పెరిగిన కర్ర కాదు."

ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. "చెక్క ఎండితే చిక్కుతుంది."

"అయిదొందల ఏళ్ల తర్వాత నిన్న రాత్రే చిక్కిందా?"

తిరిగి చూస్తే ఇంటి నడుమ ఉన్న పెద్ద స్తంభంలో, ఛాతీ ఎత్తున, పెన్సిల్ పట్టేంత చిల్లు. కొత్త చెక్క బిరడాతో మూసి ఉంది.

"ఇదేంటి?"

"ఈజెన్‌బార్ట్ పని. లోపల్నించి సన్నని పుల్లలాంటిది తీసి, చెట్టు వలయాలు లెక్కపెట్టి, ఏ ఏడు కొట్టిన చెట్టో చెబుతారంట."

"ఈ ఇంటి వయసు తెలిసిందేగా. ఊళ్లో అన్నిటికంటే పాతది."

"తెలిసిందే," అన్నాడు వీధివైపు చూస్తూ.

మెట్ల మీద బూట్ల చప్పుడు. రోయెసింగ్ ఆయాసపడుతూ వచ్చాడు. పైదూలం కింద తల వంచడం మర్చిపోయాడు. ఠంగుమంది. నాకు కొంచెం హాయిగా అనిపించిందని ఒప్పుకుంటున్నాను.

"రెండూ నలభై, ఫెర్ష్ గారూ. ఏం తేల్చారు?"

చెప్పాను. గీతల్లేవు, కొస గాడికి పట్టదు, నిన్న అయిదూ ఇరవై తర్వాత ఎవరో అసలు కర్ర తీసేసి ముందే కోసిన ఇంకో కర్ర పెట్టారు.

నుదురు రుద్దుకుంటూ విన్నాడు. "గీతలున్నాయని ఎవరు చెప్పారు? ముద్దాయి. బాగుంది. సరే, మీ మాటే నిజమనుకుందాం. చంపాలనుకున్నవాడు ఉన్న కర్రనే కోస్తే పోయేదిగా? ఇంకోటి వెతికి, మోసుకొచ్చి, నాలుగంతస్తులు ఎక్కించి, మార్చి... ఏ పిచ్చోడు పడతాడండీ ఇంత శ్రమ? ఆ పాత కట్టె మీద ఎవరికంత ప్రేమ?"

అతను వెటకారంగా అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. మూడు వారాల కిందట వచ్చి పదకొండు రోజుల్లో పోయే పిల్లకు ఆ కర్ర ఎంత, ఈ కర్ర ఎంత?

"తలుపు వేసేస్తా. గాలి పెరిగింది," అన్నాడు అన్స్‌గార్. దారికి అడ్డంగా ఉన్న ఆ కర్ర సగాన్ని బూటుతో పక్కకు తోసి, తలుపు రెక్కలు లాగి గడియ పెట్టాడు.

నేను మెట్లు దిగడం మొదలుపెట్టాను. మూడో మెట్టు మీద కాళ్లు ఆగిపోయాయి. బూటుతో. చెక్కపేడు కనిపిస్తే వంగి తీసుకునే మనిషి, దూలానికి నాతో క్షమాపణ చెప్పించిన మనిషి, ఉప్పింటి అడ్డకర్రను బూటుతో తోశాడు. అది ఉప్పింటిది కాదని ఆయనకు తెలుసు.

పైకి చూడకుండా దిగిపోయాను.

అసలు కర్రను ఎక్కడ పెట్టి ఉంటాడు? వేరేవాడైతే పొయ్యిలో పెట్టేవాడు, నదిలో పారేసేవాడు. ఈయన చెయ్యలేడు. మా ఊళ్లో పాతింటి నుంచి ఊడదీసిన ఏ ముక్కా పారెయ్యకూడదు. మఠం వెనకాల రాతికొట్టంలో ఒక సామాన్ల గది ఉంది. తలుపులు, దూలాలు, గడియలు, చివరికి విరిగిన మెట్టు కూడా అక్కడికే వెళ్లాలి. ఏ ఇంటిది, ఏ అంతస్తుది, ఎప్పుడు తీశారు, ఎవరు తీశారు అని చీటీ కట్టాలి. తాళాలు ఇద్దరి దగ్గరే ఉంటాయి. ఒకటి ఈజెన్‌బార్ట్ గుత్తిలో ఉంది. స్టేషన్‌కు పరిగెత్తి, సంతకం పెట్టి ఆ గుత్తి తీసుకున్నాను. రెండోది అన్స్‌గార్ దగ్గర ఉంది.

కొట్టంలో అడుగు పెట్టేసరికి మూడూ పది. గోడలు గజం మందం. ఫోన్‌లో సిగ్నల్ అసలు లేదు. అరలు వీధుల వారీగా ఉన్నాయి. తోళ్ల వీధి, గంట వీధి, నది గేటు. చీటీలు ఒక్కొక్కటే తిప్పి చదివాను. దొరకకూడదని కూడా అనిపించింది. దొరకకపోతే ఆ పిల్ల జైల్లో, దొరికితే మా బాబాయి. మూడూ ఇరవై. ఉప్పు వీధి అర చివర్న ఉంది. మూడు దూలాల వెనకాల, పాత దుప్పటి చుట్టి, మెత్తగా రెండు దిమ్మల మీద ఆనించి ఉంది.

దుప్పటి తీశాను. మధ్యలో మూడు గీతలున్నాయి. బొటనవేలు పెట్టాను. పట్టింది.

చీటీ కొసకు కట్టి ఉంది. పెన్సిల్ రాత. నా పుట్టినరోజు కార్డుల మీద ముప్పై ఏడేళ్లుగా చూస్తున్న రాత.

"ఉప్పిల్లు. నాలుగో అంతస్తు, సరుకు తలుపు అడ్డకర్ర. 1489. తీసినది: గురువారం. తీసినవారు: అ. టెష్కె. పని అయ్యాక యథాస్థానంలో పెట్టాలి."

చివరి మాట రెండుసార్లు చదివాను. వెనకాల తలుపు మూసుకుంది. ఇనుప గడియ పడింది.

"మెల్లగా పట్టుకో. ఆ కొస దగ్గర బీట ఉంది," అన్నాడు అన్స్‌గార్. కుడిచేతిలో చెక్క సుత్తి ఉంది. దూలాలు బిగించే పెద్ద సుత్తి.

"పని అయ్యాక అని రాశావు బాబాయ్. ఏం పని?"

"ఆ స్తంభం ఆ ఇంటిది కాదమ్మా. పడగొట్టిన మిల్లులోది. ఆ వీధి మొత్తం కూలగొట్టి కార్లు పెట్టుకునే చోటు చేద్దామన్నారు అప్పట్లో. ఊళ్లోకెల్లా పాత ఇల్లని తేలితే ముట్టుకోరు. ఒక ఆదివారం పట్టుకెళ్లి నిలబెట్టాం. నేనూ, మీ నాన్నా."

అరను పట్టుకున్నాను.

"వలయాలు లెక్కపెట్టి ఆ స్తంభం మిగతా ఇంటికి కలవదని ఈజెన్‌బార్ట్ పట్టేశాడు. బతిమాలాను. నలభై ఆరేళ్లయింది, వదిలెయ్యవయ్యా అన్నాను. అబద్ధం మీద నిలబడ్డ ఇల్లు నాకొద్దన్నాడు. సోమవారం చెప్పేస్తానన్నాడు. కూలగొట్టాలని చూసేవాళ్లు ఇంకా ఉన్నారు అల్మూట్. ఒక్క కాగితం కోసం కాచుకున్నారు."

"వీబ్కె ఏం చేసింది నిన్ను?"

తల దించుకున్నాడు. "నిన్న రాత్రి ఆ పిల్ల మా ఇంట్లో తింటుంటే, అక్కడున్న దాని సామానుతోనే కోసి కర్ర మార్చా. ఆయన పడగానే ఆ ముక్కలు తీసేసి అసలుది పెట్టేద్దామనుకున్నా. కాలు జారిందనుకునేవాళ్లు. ఆ పిల్ల నాకంటే ముందు పరిగెత్తుకొచ్చి ఆ ముక్కని పట్టేసుకుంది. వాళ్లు దాన్ని పట్టుకుంటారని నేనేమన్నా కలగన్నానా?"

"పట్టుకున్నాక నోరు మూసుకున్నావుగా. అది నీ రొట్టె తిన్నందుకు నీ పేరు చెప్పకుండా కూర్చుంది."

సుత్తి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మారింది. "ఆ కర్ర అక్కడ పెట్టి అవతలికి జరుగు. నువ్వేమీ చూళ్లేదు. నీ మీద చెయ్యి ఎత్తేలా చెయ్యకమ్మా నన్ను."

మూడూ ముప్పై నాలుగు. అరిచినా గజం గోడలు. ఆయన తలుపుకీ నాకూ మధ్య ఉన్నాడు. నా పక్క గోడకు పాత పనిముట్లు వేలాడుతున్నాయి. బాడిస అందుకున్నాను. ఆయన సుత్తి ఎత్తాడు. నేను ఆయనవైపు తిరగలేదు. కర్రవైపు తిరిగాను.

"తలుపు తియ్యి."

"నువ్వు కొట్టవు."

కర్రకు బెత్తెడు దూరంలో దిమ్మ మీద వేశాను. పెచ్చు ఎగిరిపడింది. మళ్లీ ఎత్తి ఈసారి అంచును మొదటి తాడు గీతలో ఆనించాను. "నేను ఏడేళ్లప్పటి అల్మూట్‌ని కాను. రెండు ముక్కలు చేస్తా. సాక్ష్యం పాడుచేశానని ఉద్యోగం పోనీ. దీనికి క్షమాపణ తర్వాత చెబుతా. గడియ తియ్యి బాబాయ్."

ఆయన మొహం అప్పుడు చూడాలి. మనిషిని చంపాక కూడా పొద్దున్న కాఫీ తాగిన మొహం, ఆ అంచు కింద ఉన్న కర్రను చూసి తెల్లబోయింది. సుత్తి నేల మీద పడింది. తడబడుతూ వెళ్లి గడియ లాగాడు. నన్ను భుజాల మీద ఎత్తుకు తిప్పిన మనిషి, నా కోసం తియ్యని గడియ దాని కోసం తీశాడు.

ఏడుపొచ్చింది. టైము లేదు.

కర్ర నిండా ఇరవై కిలోలుంది. నేను ఒక్కదాన్నే పైకెత్తబోతే కొస అరకు తగిలింది.

"అయ్యో అట్లా కాదు!" అంటూ వచ్చేశాడు. "నువ్వు వెనక పట్టు. ముందు నేను పడతా."

అలాగే తీసుకెళ్లాం. మఠం సందు, గంట వీధి, నేతివాళ్ల మెట్లు. ముందు ఆయన, వెనక నేను, మధ్యలో అడ్డకర్ర. మలుపు వచ్చిన ప్రతిచోటా "కుడికి, కుడికి... ఆ, మెల్లగా" అని చెబుతూనే ఉన్నాడు. పారిపోవచ్చు. కర్ర వదిలెయ్యాలి కదా, వదల్లేదు.

కోర్టు మెట్ల దగ్గరికి వచ్చేసరికి గడియారంలో మూడూ యాభై ఆరు. పైన రోయెసింగ్ ఫైలు చంకన పెట్టుకుని నిలబడ్డాడు. అతని పక్కన ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య వీబ్కె ఉంది. ఆమె చూపు ముందు కర్ర మీద పడింది, తర్వాత దాన్ని మోస్తున్న మేస్త్రి మీద. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చేత్తో పట్టుకొస్తే చూస్తానన్నారు," అన్నాను. ఊపిరి అందడం లేదు. "చీటీ చదవండి. రాసింది ముందున్నాయనే."

రోయెసింగ్ ద్వారానికి అడ్డంగా నిలబడి చీటీ చదివాడు. మళ్లీ చదివాడు. కదలడం మర్చిపోయాడు.

"కాస్త తప్పుకోండి సార్," అన్నాడు అన్స్‌గార్ మెల్లగా. "గోడకి తగుల్తుంది."